పరిచయాలు ఎవరి ఆస్తి?

(మొఘల్‌పురాలో యువ పరిశోధకులకూ, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకూ జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న అంశం "భిన్న సంస్కృతుల మధ్య వృత్తి సంబంధాలు - కొత్తగా పరిశోధనలోకి వచ్చినవారికి కొన్ని మెళకువలు". పేరు వింటే ఏదో పెద్ద కంపెనీ వాళ్లు స్టార్ హోటల్లో పెట్టుకునే తరగతిలా ఉంది. మనం మాత్రం మొఘల్‌పురాలో, చార్మినార్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో, చాపల మీద కూర్చున్నాం. మీలో సగం మంది మూసీ దాటి ఇటు వచ్చారు. మిగతా సగం ఇక్కడి గల్లీల్లోంచే, సుల్తాన్‌షాహీ నుంచీ శాలిబండ నుంచీ వచ్చారు.

పొద్దున పరిచయాలు జరుగుతున్నప్పుడు ఒక విషయం గమనించాను. మూసీ అవతలి నుంచి వచ్చినవాళ్లు తమ పేరు, యూనివర్సిటీ పేరు, పరిశోధనాంశం చెప్పారు. ఇక్కడివాళ్లు పేరు చెప్పి, "ఫలానా మేడంకి సర్వేలో సాయం చేశాను" అన్నారు. ఇంటింటికీ తిరిగింది ఇద్దరూ. ప్రశ్నలడిగింది ఇద్దరూ. జవాబులు రాసుకున్నది ఇద్దరూ. అయినా ఒకరికి అది పరిశోధన, ఇంకొకరికి సాయం. ఎవరూ కావాలని అలా అనలేదు. అలవాటుగా వచ్చేసింది. అలవాటుగా వచ్చింది కనకే దాని గురించి మాట్లాడుకోవాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పరిచయాలను మనం ఒక్కొక్కరి చొరవకూ తెలివికీ వచ్చే ఫలితంగా చూస్తున్నాం. ఎవరికి ఎవరితో మాట్లాడే చోటు ఉంది, సమయం ఉంది, భాష ఉంది అన్నదాని మీదే అవి ఆధారపడతాయి. అందుకని ఇది హక్కుల విషయం. ఒక్కొక్కరుగా పోగుచేసుకుంటే కొందరికే అందుతాయి. కలిసి కట్టుకుంటే, మనకు తలుపు తీసినవాళ్ల వాటా వాళ్లకిస్తే, అందరికీ అందుతాయి.

మామూలుగా ఇలాంటి తరగతుల్లో ఏం చెబుతారో మీకు తెలుసు. చిరునవ్వుతో పలకరించండి, మీ గురించి అర నిమిషంలో చెప్పండి, కార్డు ఇవ్వండి, మర్నాడు ఉత్తరం రాయండి. ఇవి చెడ్డ సలహాలేం కావు. వీటి వెనకాల ఒక లెక్క కూడా ఉంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ దగ్గరి ఒక పట్టణంలో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికిన వాళ్లను, "ఆ తెలిసిన మనిషిని మీరెంత తరచుగా కలుస్తారు?" అని అడిగాడు. తరచుగా కలిసేవాళ్ల ద్వారా దొరికింది నూటికి 17 మందికే. మిగతా అందరికీ అప్పుడప్పుడూ కలిసేవాళ్ల ద్వారా, ఎప్పుడో గాని కలవనివాళ్ల ద్వారా దొరికింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. మన దగ్గరివాళ్లకు తెలిసిందే మనకూ తెలుస్తుంది. కొత్త కబురు కాస్త దూరంగా ఉన్నవాళ్ల దగ్గర్నుంచే రావాలి.

ఈ లెక్క ఎంతో పేరు పొందింది. ఆయన అడిగినవాళ్లంతా మగవాళ్లే అన్న సంగతికి అంత పేరు రాలేదు. ఆ దూరపు పరిచయాలు ఎక్కడ ఏర్పడతాయో ఆలోచించండి. మన ఊళ్లో అయితే ఇరానీ హోటల్లో. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు పెట్టుకుని గంటసేపు కూర్చున్నా లేవమనేవాళ్లుండరు. పక్క బల్ల మీది మాట ఈ బల్ల మీదికి వస్తుంది. ఏ ఆఫీసులో ఖాళీ ఉందో, ఏ ప్రొఫెసర్‌కి కొత్త ప్రాజెక్టు వచ్చిందో అక్కడే తెలుస్తుంది. అక్కడ ఎంతమంది ఆడవాళ్లు గంటసేపు కూర్చోగలరు? సదస్సు చూసుకోండి. అసలు మాటలు సాయంత్రం భోజనాల దగ్గర మొదలవుతాయి. ఆ వేళకి హాస్టల్ గేటు మూసేస్తారని ఒకమ్మాయి లేస్తుంది. ఇంటి దగ్గర పిల్ల ఏడుస్తుందని ఇంకొకామె లేస్తుంది. రాత్రి ఆటోలో పోవడానికి భయపడి మూడో ఆమె లేస్తుంది. మర్నాడు, "ఈ ఆడవాళ్లకు చొరవ తక్కువండీ" అంటారు.

కాబట్టి మొదటి మెళకువ మనం నేర్చుకునేది కాదు, సంస్థలకు మనం నేర్పేది. పరిచయాల సమయం పగటి కార్యక్రమంలో భాగంగా ఉండాలి. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉండాలి. రాత్రయితే ఇంటిదాకా దింపే బండి ఉండాలి. ఇవన్నీ పాల్గొనే హక్కులో భాగాలు. వీటిని దయగా అడగనక్కర్లేదు.

మనకంటే ముందు ఈ పని ఎవరైనా చేశారా అంటే, మన నగరంలోనే చేశారు.

1978లో రమీజాబీ మీద పోలీసుల అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ మరణం ఈ నగరాన్ని కుదిపేశాయి. విచారణకు జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. ఆ రోజుల్లోంచి వచ్చిన స్త్రీలే కొందరు స్త్రీశక్తి సంఘటనగా ఏర్పడ్డారు. దేశమంతటా అలాంటి కదలికే ఉంది. 1974లో భారత స్త్రీల స్థితిగతుల మీద కమిటీ నివేదిక వచ్చింది. 1981లో బొంబాయి ఎస్.ఎన్.డి.టి. విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయనాల మీద మొదటి జాతీయ సదస్సు జరిగింది. మరుసటేడు 1982లో భారత స్త్రీ అధ్యయనాల సంఘం ఏర్పడింది. 1985లో హైదరాబాదులో అన్వేషి మొదలైంది. యూనివర్సిటీల్లో తమ ప్రశ్నలకు చోటు దొరకనివాళ్లు చోటు తామే కట్టుకున్నారు. ఇప్పుడు నెట్‌వర్క్ అని మనం అంటున్నది అదే. వాళ్లు దాన్ని సంఘం అన్నారు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" మీలో చాలామంది చదివే ఉంటారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలవి. అందులో చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం ఉన్నారు. హైదరాబాదు ఉర్దూ ప్రపంచంలోంచి వచ్చిన జమాలున్నీసా బాజీ కూడా ఉన్నారు. ఒక తెలుగు పుస్తకంలో ఆమె మాట చేరాలంటే ఎవరో ఉర్దూలో విని ఉండాలి, ఎవరో రాసుకుని ఉండాలి, ఎవరో తెలుగు చేసి ఉండాలి. అట్ట మీద ఒక వ్యక్తి పేరు లేదు. సంఘం పేరు ఉంది. ఆ తర్వాత సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో, 1993లో రెండు సంపుటాలుగా వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం చూడండి. పదకొండు భాషల నుంచి అనువాదాలవి. హైదరాబాదు ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా, తంజావూరు ఆస్థానంలో తెలుగులో రాసిన ముద్దుపళని ఒకే సంపుటంలో కలిశారు. పదకొండు భాషలూ ఒక్క మనిషికి రావు. ప్రతి భాషలోనూ చదివేవాళ్లను, పాత గ్రంథాలయాల్లో వెతికేవాళ్లను, అనువదించేవాళ్లను కలుపుకుంటూ పోతేనే అలాంటి పుస్తకం అవుతుంది.

ఇంకా వెనక్కి పోతే బండారు అచ్చమాంబ ఉంది. 1874లో పుట్టి 1905లోనే చనిపోయింది. బడిచదువు లేదు. అయినా మధ్య పరగణాల్లో ఉంటూ హిందీ, మరాఠీ, బెంగాలీ నేర్చుకుంది. దేశంలోని అనేక ప్రాంతాల స్త్రీల జీవితాలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. స్త్రీ సమాజాల కోసం ఊళ్లు తిరిగింది. మన భాషలో స్త్రీల చరిత్ర మీద మొదటి పరిశోధకురాలు ఆమే అనుకుంటే, ఆమె పరిశోధనా పద్ధతి ఇంకొకరి భాష నేర్చుకోవడంతోనే మొదలైంది.

భిన్న సంస్కృతులు అనగానే మనకు లండన్, న్యూయార్క్ గుర్తుకొస్తాయి. అక్కడిదాకా పోయే ముందు మూసీ వంతెన దాటి చూద్దాం.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. నిజాం పాలన కాగితాలు చాలా భాగం ఫారసీలో, ఉర్దూలో ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అవి దొరుకుతాయి. తెలంగాణ స్త్రీల చరిత్ర మీద పనిచేసే తెలుగు విద్యార్థికి ఆ కట్టలు మూసిన తలుపులే. అటు ఉర్దూలో ఎం.ఏ. చేసిన ఇక్కడి అమ్మాయికి 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక అలాంటిదే. ఏలూరులో 1902లో వచ్చిన "హిందూ సుందరి"నీ, హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా నడిపిన "అన్నిసా"నూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు ఎంతమంది? రెండూ ఆడవాళ్ల చదువు గురించే మాట్లాడాయి. రెండూ ఒకదానికొకటి వినపడలేదు.

అందుకే మీకు నా మొదటి సూచన, జతలు కట్టండి. ఉర్దూ చదవగల అమ్మాయి, తెలుగు చదవగల అమ్మాయి. వారానికి ఒక పూట. ఈమె కాగితాలు ఆమె చదివి చెబుతుంది, ఆమె కాగితాలు ఈమె చదివి చెబుతుంది. డబ్బు చేతులు మారదు. ఇద్దరి సిద్ధాంత గ్రంథాల్లోనూ ఇద్దరి పేర్లూ ఉంటాయి. లిపి నేర్చుకోవడం కూడా మొదలుపెట్టండి. పండితులు కానక్కర్లేదు. అవతలివాళ్ల పేరు వాళ్ల లిపిలో తప్పు లేకుండా రాయగలిగితే, వాళ్లు మిమ్మల్ని చూసే చూపే మారుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. తెలుగు అంటే హిందువులు, ఉర్దూ అంటే ముస్లింలు అని గీత గీసుకుని కూర్చోకండి. షాజహానా లాంటి ముస్లిం కవయిత్రులు తెలుగులోనే రాశారు. ఈ బస్తీలో ఉర్దూ మాట్లాడే హిందూ కుటుంబాలున్నాయి. దళిత స్త్రీల రచనలను గోగు శ్యామల "నల్లపొద్దు"గా సంకలనం చేసేదాకా, తెలుగు స్త్రీల సాహిత్యం అన్నప్పుడు ఎవరి సాహిత్యం గుర్తుకొచ్చేదో మనకు తెలుసు. ఒక భాష లోపల కూడా చాలా గోడలున్నాయి. ఆ గోడల అవతల మీకు ఎవరూ తెలియకపోతే, మీ పరిచయాల జాబితా ఎంత పొడుగున్నా అది ఒకే వీధి.

ఇప్పుడు ఈ బస్తీ స్త్రీల గురించి. 1991లో పాతబస్తీ బాలిక ఒకతెను వృద్ధుడైన అరబ్బు షేకుకు పెళ్లి చేసి తీసుకుపోతుంటే, విమానంలో ఒక ఎయిర్‌హోస్టెస్ గుర్తించి ఆపింది. దేశమంతా పత్రికల్లో వచ్చింది. అప్పటినుంచి ఈ గల్లీలకు రాని విలేఖరి లేడు, రాని సర్వే లేదు. ఎవరు వచ్చినా అదే ప్రశ్న, అరబ్బు పెళ్లిళ్ల గురించి చెప్పండి. నీళ్ల గురించి, గాజుల పని కూలి గురించి, ఆడపిల్లల కాలేజీ గురించి అడిగేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లకు డిగ్రీలు వచ్చాయి, జవాబులు చెప్పినవాళ్లకు ఆ కాగితం ముక్క కూడా తిరిగి రాలేదు. ఇప్పుడు తలుపు తట్టితే కొన్ని ఇళ్లలో తియ్యరు. తప్పు తలుపుది కాదు.

అయినా కొన్ని తలుపులు తెరుచుకుంటాయి. ఎందుకు? ఈ గల్లీలో ఏళ్ల తరబడి పనిచేసే ఒక ఆపా మీతో పాటు నిలబడుతుంది గనక. ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ 2002లో మొదలుపెట్టిన షాహీన్ వంటి సంస్థల్లో, అంగన్‌వాడీల్లో, కుట్టుపని కేంద్రాల్లో అలాంటి ఆపాలు ఉన్నారు. ఆమె ఇరవై ఏళ్లుగా సంపాదించుకున్న నమ్మకాన్ని మీకు ఒక పూట అరువిస్తుంది. మీరు తప్పుగా ప్రవర్తిస్తే మాట పడేది ఆమె. మీరు వెళ్లిపోయాక ఆ గల్లీలో బతకాల్సింది ఆమె. మీ పరిశోధనా వృత్తిలో మీకు దొరికిన మొట్టమొదటి పెద్ద పరిచయం ఆమే. మరి మీ జాబితాలో ఆమె పేరుందా?

ఆమెను సహోద్యోగిగా లెక్కించడం అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెబుతాను. ఒకటి, ఆమె సమయానికి కూలి ఉండాలి. అది ప్రాజెక్టు బడ్జెట్‌లో మొదటే రాసి ఉండాలి. రెండు, నివేదికలో ఆమె పేరు ఉండాలి. ఆమె ఒప్పుకుంటేనే ఉండాలి, ఎందుకంటే కొన్నిసార్లు పేరు బయటపడటం ప్రమాదం. మూడు, రాసింది అచ్చుకు పోకముందే ఆమెకు ఉర్దూలో చదివి వినిపించాలి. "ఇది ఇలా కాదు" అనే హక్కు ఆమెకుండాలి. నాలుగు, సదస్సులో మీరు మాట్లాడే వేదిక మీద ఆమెకు కుర్చీ ఉండాలి. శ్రోతల్లో వెనక వరసలో కూర్చోబెట్టి "మా ఫీల్డ్ వర్కర్" అని చూపించడం చాలదు.

ఇది మంచితనం కోసం చెబుతున్న మాట కాదు. రాజస్థాన్‌లో భన్వరీదేవి ఎవరు? ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో గ్రామస్థాయి కార్యకర్త, సాథిన్. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ అన్యాయం మీదే స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997లో విశాఖ తీర్పు వచ్చింది. 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. ఇవాళ యూనివర్సిటీల్లో, ఏసీ గదుల ఆఫీసుల్లో చదువుకున్న ఆడవాళ్లు వాడుకుంటున్న రక్షణ ఒక పల్లెటూరి ఫీల్డ్ వర్కర్ పోరాటంలోంచి వచ్చింది. ఆమె కేసులో కింది కోర్టు 1995లో అత్యాచార నేరం నుంచి నిందితులను విడిచిపెట్టింది. తలుపు తీసినవాళ్లు బయటే నిలబడటం అంటే ఇదే.

ఆ చట్టం గురించి ఎత్తాను గనక ఒక్క నిమిషం. పరిచయాల పేరుతో పైస్థాయిలో ఉన్నవాళ్లు మిమ్మల్ని ఇబ్బంది పెట్టే సందర్భాలు వస్తాయి. "సిఫారసు ఉత్తరం కావాలంటే సాయంత్రం గదికి రా" అనే మాట నా తరం వింది, మీ తరమూ వింటోంది. నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక సదస్సులో అలాంటి మాట విన్నాను. అప్పట్లో చెప్పుకునే చోటు లేదు. ఇప్పుడుంది. 2013 చట్టం ప్రకారం ఉద్యోగ రీత్యా మీరు వెళ్లే ఏ చోటైనా, ప్రయాణంలో సంస్థ ఏర్పాటు చేసిన బండైనా పనిచేసే చోటే. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫిర్యాదుకు గడువు 3 నెలలు. తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. విద్యార్థినులకు, పరిశోధకులకు యు.జి.సి. 2015 నిబంధనలు వర్తిస్తాయి. మీ సంస్థలో కమిటీ సభ్యులెవరో ఇంటికి వెళ్లేలోపు తెలుసుకోండి. స్వచ్ఛంద సంస్థలు నడిపేవాళ్లు ఇక్కడున్నారు. మీ సంస్థలో కమిటీ ఉందా లేదా అన్నది మీకు మీరే జవాబు చెప్పుకోండి.

ఇక రోజువారీ మెళకువలు. వాటిని నేనేమీ తక్కువ చెయ్యను.

బస్తీలో ఇంటికి వెళ్లినప్పుడు వయసునుబట్టి ఆపా, బాజీ, ఖాలా అని పిలవండి. సలాం చెప్పండి. చెప్పులు గుమ్మం బయట విప్పండి. చాయ్ ఇస్తే వద్దనకండి. వద్దంటే వాళ్లింట్లో తాగనన్నారని అర్థమవుతుంది, మన దేశంలో ఆ మాటకు చాలా పాత గాయాలున్నాయి. నమాజు వేళ, రంజాన్ నెలలో ఇఫ్తార్ ముందు గంట, ప్రశ్నల కాగితం తియ్యకండి. "సరే, చూద్దాం" అన్నారంటే చాలాసార్లు వద్దని మర్యాదగా చెప్పడం. మళ్లీ మళ్లీ అడగకండి.

ఇక్కడి అమ్మాయిలకు అటువైపు సంగతి. యూనివర్సిటీలో ప్రొఫెసర్‌ని కలవాలంటే ముందుగా నాలుగు వాక్యాల్లో ఎందుకో రాసి సమయం అడగండి. నఖాబ్‌తో వెళ్లడానికి వెనకాడకండి, అది మీ ఇష్టం. ఎవరైనా మీ బట్టల గురించి మాట్లాడితే మీ పని గురించి జవాబివ్వండి. ఇంగ్లీషు రాకపోతే ఉర్దూలోనో తెలుగులోనో అడుగుతానని మొదటే చెప్పండి. ప్రశ్నకు విలువ ఉంటే అనువదించేవాళ్లు అదే గదిలో ఉంటారు. నిర్వాహకులు ఆ బాధ్యత తీసుకోవాలి.

విదేశాల్లోని పరిశోధకులకు రాసేటప్పుడు మన పొగడ్తలు, "తమ పాదపద్మములకు" ధోరణి పక్కన పెట్టండి. మీరెవరు, ఆమె రాసినదాంట్లో మీరు ఏది చదివారు, మీకు ఏం కావాలి. పది వాక్యాల్లో అయిపోవాలి. ఒక్కటే అడగండి. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఒకసారి గుర్తు చెయ్యండి, అంతకు మించి వద్దు. అక్కడ పెద్దవాళ్లను కూడా పేరు పెట్టి పిలిచే చోట్లున్నాయి. అది అమర్యాద కాదు, మీ మాట తేలిక కాలేదు. అలాగని స్నేహమూ కాదు. వాళ్లు మీ దగ్గర్నుంచి సమాచారం అడిగితే, పేరు ఎక్కడ వస్తుంది, కాపీ ఎవరికి అందుతుంది అని ముందే అడగండి. ఇందాక బస్తీ ఆపా మీ దగ్గర అడగాల్సిన ప్రశ్నలే, మీరు వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు. ఇటు అన్యాయంగా ఉంటూ అటు న్యాయం అడిగితే మన గొంతు నిలవదు.

చివరిగా ఒక పెద్ద విషయం. తండ్రి ప్రొఫెసరో, మేనమామ ఐ.ఏ.ఎస్. ఆఫీసరో అయిన అమ్మాయికి ఈ తరగతి అక్కర్లేదు. ఆమెకు పరిచయాలు పుట్టుకతోనే వచ్చాయి. కులం, ఊరు, బంధుత్వం కలిసి ఆమెకు అమెరికాలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు ఎవరొస్తారో కూడా చూసిపెడతాయి. ఈ గదిలో ఉన్న చాలామందికి ఇంట్లో మొదటి డిగ్రీ మీదే. మీకు ఉన్నది స్కాలర్‌షిప్. మైనారిటీ విద్యార్థులకు పరిశోధన కోసం 2009-10లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవాళ్లకు ఆపేశారు. అలాంటి ఒక ఫెలోషిప్ పోయినప్పుడు, మీకు నెలనెలా వచ్చే డబ్బుతో పాటు చదువు కొనసాగించడానికి ఇంట్లో చెప్పే కారణం కూడా పోతుంది. పెళ్లి మాట మొదలవుతుంది. అప్పుడు ఫలానా చోట ప్రాజెక్టులో పని ఉందని, ఫలానా సంస్థ అచ్చు ఖర్చు పెట్టుకుంటుందని చెప్పే ఒక్క మనిషి తెలిసి ఉండటం, చదువు ఆగిపోవడానికీ సాగడానికీ మధ్య తేడా అవుతుంది. అందుకే పరిచయాల గురించి ఇంతసేపు మాట్లాడుతున్నాను. అలాగని పరిచయాలు ఫెలోషిప్‌కు బదులు కావు. ఫెలోషిప్ కోసం కొట్లాడే బలం కూడా పరిచయాల్లోంచే రావాలి.

ఈ రోజు మూడు పనులు చేసి లేద్దాం. మొదటిది, జతలు రాసుకుందాం, ఒక ఉర్దూ పేరు పక్కన ఒక తెలుగు పేరు. రెండోది, ఒక ఉమ్మడి పుస్తకం పెడదాం. ఎవరికి ఏ పని, ఏ ప్రకటన, ఏ గడువు తెలిసినా అందులో రాయాలి. తెలిసింది దాచుకోకూడదు. అది ఈ మొఘల్‌పురాలోనే ఉంటుంది, మూసీ అవతలికి పోదు. చూడాలనుకున్నవాళ్లు ఇక్కడికి రావాలి. మూడోది, పొద్దున జరిగిన పరిచయాలు మళ్లీ ఒకసారి జరుపుకుందాం. ఈసారి "సాయం చేశాను" అన్నవాళ్లు లేచి, తాము చేసిన పరిశోధన ఏమిటో చెప్పాలి. ఎన్ని ఇళ్లు తిరిగారో, ఏం విన్నారో, వాళ్లకు ఏం అర్థమైందో చెప్పాలి. మిగతావాళ్లం నోట్సు రాసుకుందాం.

రిజ్వానా నుంచి మొదలుపెడదామా? చెప్పమ్మా, మేం వింటున్నాం.